ధర్మాసుపత్రి అనడం తప్పా?

సందేహం: మా అవ్వ కర్నూలు పెద్దాసుపత్రిని ఇప్పటికీ 'ధర్మాసుపత్రి' అంటుంది. వైద్యం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, ఎవరో చేసే ధర్మం కాదు కదా, ఆ మాట మానెయ్యమన్నాను. సరేనా?
– ఓ పాఠకురాలు, ఆదోని

సమాధానం: హక్కు సంగతి సరే. అవ్వను దిద్దడమే తొందరపాటు.

ధర్మ + ఆసుపత్రి. దీన్ని సవర్ణదీర్ఘం అనుకునేవాళ్లున్నారు, కాదు. సవర్ణదీర్ఘం సంస్కృత పదాల మధ్య జరిగేది. ఆసుపత్రి సంస్కృతం కాదు, 'హాస్పిటల్' మన నోట పడి అలా మారింది. కాబట్టి ఇది అకార సంధి. ఇక ధర్మం. 'ధర్మం చెయ్యి తల్లీ' అంటే బిచ్చం, 'అది నీ ధర్మం' అంటే చేసి తీరాల్సిన పని. ఊరికే మందులిచ్చే చోటు కనుక ఈ పేరులో ఉన్నది మొదటి అర్థమే. మీకు గుచ్చుకున్నదీ అదే.

రాజ్యాంగంలో మాత్రం రెండో అర్థం ఉంది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రధాన విధుల్లో ఒకటి అంటుంది 47వ అధికరణం. 'హక్కు' అనే మాట అక్కడ లేదు. పైగా అది ప్రభుత్వానికి దారి చూపే ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకెక్కలేం. హక్కు వచ్చింది జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం నుంచి. 1992లో పశ్చిమ బెంగాల్లో వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడొకరు రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, మంచం లేదనీ వసతి లేదనీ సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. జీవించే హక్కుకు భంగం కలిగిందని సుప్రీంకోర్టు 1996లో తేల్చి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకు చెల్లదంది.

ఇదంతా అవ్వకు ఏ మాటతో చెబుతారు? 'విధి' అంటే నుదుటిరాత అనుకుంటుంది. 'హక్కు' అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి మనదైపోయిన మాటే, కానీ ఆమె చెవికి అది పొలం దస్తావేజుల్లోది. 'సర్కారు ధర్మం' అనండి, ఇట్టే అర్థమవుతుంది. కనుక పేరు ఉండనివ్వండి, అర్థం మార్చుకుందాం.

ఆ ఆసుపత్రిలోనే ఓసారి ఓపీ వరసలో నా ముందున్నామె, చెమటకు మెత్తబడిన చీటీ చాపుతూ, "పుణ్యముంటాది సార్, మా పాపను చూడండి" అంది. కుర్ర డాక్టరు చీటీ అందుకుంటూ, "పుణ్యమెందుకమ్మా, జీతమిస్తున్నారు కదా" అన్నాడు.