కోల్డ్ స్ప్రే అల్యూమినియం: ఒక్క హార్డ్‌నెస్‌నే నమ్ముకోకు

చి. మాధవికి ఆశీస్సులు.

పౌడర్‌ను కరిగించకుండా వేడి వాయువుతో అతివేగంగా కొట్టి పొరలుగా పేర్చే కోల్డ్ స్ప్రే పద్ధతిలో చేసిన అల్యూమినియం దిమ్మ మీద నీ రిపోర్టు చదివానమ్మా. హార్డ్‌నెస్ (గట్టిదనం) బాగా వచ్చింది కాబట్టి దిమ్మ బలంగా ఉందని రాశావు. ఆ వాక్యం ఇప్పుడే వద్దు.

మైక్రోహార్డ్‌నెస్ పరీక్షలో దిగే వజ్రపు మొన చాలావరకు ఒక్కో రేణువు లోపలి సంగతే చెబుతుంది. సెకనుకు వందల మీటర్ల వేగంతో వచ్చి గుద్దుకున్న రేణువు నలిగి గట్టిపడటం మామూలే. కానీ ఇటుకలు గట్టివైనంత మాత్రాన గోడ నిలవదు, మధ్యలో సిమెంటు పట్టాలి. అల్యూమినియం రేణువు మీద ఎప్పుడూ ఆక్సైడ్ పొర ఉంటుంది. ఢీకొన్నప్పుడు అది పగిలి, లోహానికి లోహం తగిలిన చోటే అసలు అతుకు. వేగం చాలకపోతే ఆ పొర మధ్యలోనే మిగిలిపోతుంది. హార్డ్‌నెస్ అంకెలో అది కనిపించదు.

అందుకే టెన్సైల్ టెస్ట్, అంటే ముక్కను లాగి తెంచి చూడటం, తప్పదు. నాజిల్ (పౌడర్ చిమ్మే గొట్టం) నడిచిన దిశలో, దానికి అడ్డంగా, పొరలు పేరిన ఎత్తు దిశలో విడివిడిగా ముక్కలు కొయ్యి. ఎత్తు దిశలోనే సాధారణంగా బలం తక్కువ. దిమ్మ అడుగు నుంచీ పైనుంచీ కూడా తీసుకో. అల్యూమినియం నాజిల్ గోడలకు పేరుకునే రకం, అలా పేరుకుంటే పై పొరలు వేరేగా తయారవుతాయి. విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడు. చిన్న చిన్న గుంటలుంటే లోహం సాగి తెగినట్టు. రేణువుల నున్నటి ముఖాలు అలాగే కనిపిస్తే అతుకు ఊడినట్టు. నేనైతే అంకెల కన్నా ముందు ఈ ఫోటోలే అడుగుతాను.

తెగేలోపు స్ప్రే చేసిన దిమ్మ సాగుదల తరచుగా 1 శాతం కూడా ఉండదు, కంగారుపడకు. శుద్ధ అల్యూమినియమైతే 300–400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనీల్ చేసి (వేడిచేసి మెత్తబరచి) చూడు. హార్డ్‌నెస్ పడిపోతుంది, పడనీ. నలిగిన లోహం మెత్తబడి, అతుకులు మెరుగై, సాగుదల పెరగాలి. పెరగకపోతే లోపం స్ప్రేలోనే ఉంది. పౌడర్‌లో తేమ ఉంటే మాత్రం వేడికి హైడ్రోజన్ పుట్టి దిమ్మ బొబ్బలెక్కుతుంది. ముందే ఆరబెట్టు.

పౌడర్‌ను తోసే వాయువుగా హీలియం కావాలని అడిగావు. వేగం పెరుగుతుంది, నిజమే, ఖర్చూ అంతే. ముందు నైట్రోజన్‌తోనే పీడనం, ఉష్ణోగ్రత మార్చి చూడు.

ఇంకొకటి, గట్టిగా చెబుతున్నాను. సన్నటి అల్యూమినియం పౌడర్ గాలిలో లేస్తే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. పరికరాలకు ఎర్తింగ్ సరిచూడు. కిందపడ్డ పౌడర్‌ని గాలి కొట్టి ఊడ్చనివ్వకు. ఆ గదిలో మీ పిల్లల్ని ఎవరినీ ఒంటరిగా పనిచేయనివ్వకు.

మీ మాస్టారు