యాంటీబయోటిక్స్ వాడాక పొట్ట కుదురుకోవాలంటే: పాఠకుల సందేహాలు, జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. పన్ను వాపుకి అమాక్సిసిల్లిన్-క్లావులనేట్ ఏడు రోజులు వాడాను. కోర్సు అయిపోయి మూడు వారాలైనా రోజుకి మూడు నాలుగుసార్లు పల్చగా వెళ్తోంది. తిన్న గంటకే కడుపుబ్బరం. మందుల షాపులో ఇచ్చిన ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ రెండు స్ట్రిప్పులు మింగాను. ఇంకా కొనమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కొనకండమ్మా. ఆ డబ్బుతో ముందు ఒక పరీక్ష చేయించుకోండి. క్లావులనేట్ కలిసిన మాత్రలతో విరేచనాలు కావడం మామూలే. కానీ మాత్రలు ఆపిన కొద్దిరోజులకే తగ్గాలి. మూడు వారాలైనా తగ్గలేదంటే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పేగులో పెరిగిందేమో చూడాలి. మంచి బాక్టీరియా చచ్చి ఖాళీ అయిన చోటే అది బలుస్తుంది. మలపరీక్షలో దాని టాక్సిన్ (విషం) ఉందో లేదో చూడమని మీ డాక్టరుని అడగండి. ఫలితం వచ్చేవరకు లోపెరమైడ్ లాంటి విరేచనాలు ఆపే మాత్రలు వేసుకోవద్దు. జ్వరం, రక్తం, నిద్రలోంచి లేచి వెళ్లాల్సి రావడం, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ప్రోబయోటిక్, అంటే బతికున్న మంచి సూక్ష్మజీవులు ఉన్న క్యాప్సూల్స్ సంగతి. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు యాంటీబయోటిక్స్ వాడినవాళ్లలో కొందరికి 11 రకాల బాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వకుండా వదిలేశారు. ఏమీ తీసుకోనివాళ్లలోనే సొంత బాక్టీరియా త్వరగా తిరిగొచ్చింది. చిన్న అధ్యయనమే, కానీ దాన్ని పట్టించుకోక తప్పదు. బయటి నుంచి వచ్చిన కొత్త బాక్టీరియా పేగులో చోటు ఆక్రమించి, అక్కడ ఉండాల్సినవాటిని రానివ్వలేదు. ప్రోబయోటిక్ అక్కరకొచ్చేది యాంటీబయోటిక్ వాడుతున్న రోజుల్లో. సాకరోమైసిస్ బౌలార్డీ, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే రెండింటికి విరేచనాల ముప్పు తగ్గిస్తాయన్న ఆధారం ఉంది. మొదటి మాత్రతోపాటే ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి. బౌలార్డీ బాక్టీరియా కాదు, ఈస్టు కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని చంపదు. రామ్నోసస్‌కి మాత్రం యాంటీబయోటిక్‌తో రెండు గంటల ఎడం కావాలి. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో మందులు ఎక్కించే గొట్టం (సెంట్రల్ లైన్) ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ఏ ప్రోబయోటిక్ ముట్టుకోకూడదు. ఆ ఈస్టు రక్తంలోకి చేరి ప్రమాదం తెచ్చిన సందర్భాలున్నాయి.

పరీక్షలో ఏమీ లేకపోతే మీకు కావలసింది పేగులో మిగిలిన బాక్టీరియాకి మేత. అంటే పీచు. పెద్దపేగులో బాక్టీరియా పీచుని పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకి ముఖ్యమైన ఇంధనం అదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కెలోరీల ఆహారానికి సుమారు 30 గ్రాముల పీచు ఉండాలంటుంది. తెల్లబియ్యం 100 గ్రాములకి 3 గ్రాములు కూడా ఉండదు. కందిపప్పులో 9, రాగుల్లో 11, పొట్టు పెసల్లో 17, శనగల్లో 25 దాకా ఉంటుంది. ముప్పూటా తెల్లన్నం, పల్చటి చారు, పెరుగుతో సరిపెట్టుకునే ఇంట్లో 30 గ్రాములు రావడం కల్ల.

అలాగని రేపే గిన్నెడు శనగలు తినకండి. అక్కడే చాలామంది దెబ్బతింటారు. కడుపు రాయిలా ఉబ్బి, ‘నాకు పీచు పడదు’ అని మానేస్తారు. మొదటి వారం మెత్తటి అన్నం, పెసరపప్పు, ఉడికించిన బీరకాయ, సొరకాయ, క్యారెట్, మగ్గిన అరటిపండు, రోజుకి రెండు పూటలా చిన్న కప్పు పెరుగు. పాలు, పచ్చి ఉల్లిపాయ, రాజ్మా, శనగలు వద్దు. విరేచనాల తర్వాత పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొన్నాళ్లు అరగదు. పెరుగులో కొంత లాక్టోజ్‌ని బాక్టీరియా ముందే తినేసి ఉంటుంది, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్ కూడా దానితోనే వస్తుంది. రెండో వారం పొట్టు పెసలు రెండు టేబుల్ స్పూన్లు చేర్చండి. పది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. గ్యాస్ తెచ్చే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లతో పోతాయి. మూడో వారం ఒక పూట అన్నం బదులు రాగిసంకటి గానీ జొన్నరొట్టె గానీ. ఆ తర్వాత జామకాయ, మునగాకు, గుగ్గిళ్లు. వారానికి 5 గ్రాముల పీచు పెంచితే చాలు. ఉబ్బరం ఎక్కువైతే ఒక మెట్టు దిగి నాలుగు రోజులు ఆగండి.

ప్రశ్న: మూత్రం ఇన్‌ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చి పెరుగు బాగా తినమన్నారు. మాత్రతో పెరుగు తినకూడదని మా అక్క అంటోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఇద్దరి మాటా. పెరుగులో కాల్షియం సిప్రోఫ్లాక్సాసిన్‌ని పట్టేసుకుంటుంది. మందు ఒంటికి పట్టదు, ఇన్‌ఫెక్షన్ తగ్గదు. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి పెరుగు తినండి. పెరుగు తిన్నాకైతే మాత్రకి ఆరు గంటలు ఆగాలి. ఉదయం 8కి, రాత్రి 8కి మాత్ర అయితే మధ్యాహ్నం ఒంటిగంటకి పెరుగన్నం హాయిగా తినొచ్చు. రాత్రి భోజనంలో మాత్రం వద్దు. అమాక్సిసిల్లిన్‌కి ఈ పట్టింపు లేదు.

ప్రశ్న: మేం షికాగోలో ఉంటాం. చలికాలంలో పెరుగు తోడుకోదు, తోడుకున్నా జిగురుగా తీగలు సాగుతుంది. అది తినొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెడువాసన, రంగు మార్పు లేకపోతే తీగల పెరుగు విషమేమీ కాదు. పాలు చల్లబడిపోయాక తోడు వేస్తే, లేదా తోడు పాతబడితే, చల్లదనంలో పెరిగే జిగురు బాక్టీరియాది పైచేయి అవుతుంది. తీగలకి కారణం అదే. ఆ తోడు ఎన్నిసార్లు వాడినా మళ్లీ తీగలే వస్తాయి కాబట్టి పారేయండి. కొత్త తోడుకి చక్కెర కలపని మామూలు యోగర్ట్ కొనండి. డబ్బా మీద సజీవ బాక్టీరియా ఉందని రాసి ఉండాలి. తోడుకున్నాక వేడిచేసిన రకమైతే పనికిరాదు. అర లీటరు పాలు పొంగించి, నాలుగైదు నిమిషాలు సన్నమంట మీద మరిగించి, 43 డిగ్రీలకి చల్లారనివ్వండి. థర్మామీటర్ లేకపోతే శుభ్రమైన వేలు ముంచి పది లెక్కపెట్టండి. వేడి తెలుస్తూనే ఓర్చుకోగలిగితే సరైన అదను. రెండు టీస్పూన్ల తోడు వేసి కలిపి, వెలిగించని ఓవెన్‌లో లైటు మాత్రం వేసి 8 గంటలు కదపకుండా ఉంచండి. గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి. మర్నాటి తోడుకి రెండు స్పూన్లు ముందే పక్కన తీసిపెట్టుకోండి. గులాబీ రంగు, బూజు కనిపిస్తే మొత్తం పారబోయాల్సిందే.

ప్రశ్న: వేసవిలో చద్దన్నం తింటే ఇనుము ఎన్నో రెట్లు పెరుగుతుందంటున్నారు. నిజమేనా? ఈ ఎండల్లో రాత్రంతా బయట ఉంచితే పాడవదా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వంద గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఇనుము తెల్లారేసరికి 73.91 అవుతుందనే లెక్క ఫోన్లలో తిరుగుతోంది. నీళ్లలో నానిన మెతుకుకి లేని ఇనుము ఎక్కణ్నుంచి వస్తుంది? పులియడం వల్ల ఉన్న ఇనుము ఒంటికి మెరుగ్గా పట్టవచ్చు, అంతే. చద్దన్నం మంచిదే, దానికి ఈ గొప్పలు అక్కర్లేదు.

పాడవడం గురించి మీ భయం సరైనదే. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం వండినా చావవు. గోరువెచ్చటి అన్నంలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెచ్చే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, వాసనా ఉండదు. ఆ బాక్టీరియాని పెరగకుండా ఆపేది పులుపు. అందుకే మన పెద్దవాళ్లు మజ్జిగ పోసి ఉంచేవాళ్లు. రాత్రి వండిన అన్నమే తీసుకోండి, మధ్యాహ్నం మిగిలింది వద్దు. ఆవిరి పోగానే, గంటలోపు, కాచి చల్లార్చిన నీళ్లు అన్నం మునిగేలా పోసి, రెండు గరిటెల పుల్లమజ్జిగ కలిపి మూతపెట్టండి. ఉక్కగా ఉన్న రాత్రుల్లో అన్నమే కాస్త ఆలస్యంగా వండి, పడుకునే ముందు కలిపి, లేవగానే తినేయండి. పుల్లటి వాసన ఉండాలి. మెతుకు వేళ్లకి జారుతూ తీగ సాగితే పారబోయండి.

ప్రశ్న: ఇడ్లీ, మజ్జిగ పులుసు, ఆవకాయ కూడా ప్రోబయోటిక్కేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పిండిలో బతికున్న బాక్టీరియా ఇడ్లీ ఆవిరికి చచ్చిపోతుంది. మజ్జిగ పులుసూ అంతే. తేలిగ్గా అరుగుతాయి కాబట్టి నిశ్చింతగా తినండి. ఆవకాయలో అంత ఉప్పు, కారం, నూనె మధ్య బాక్టీరియా పెద్దగా పెరగదు. అది రుచికే.

ప్రశ్న: రెండేళ్లుగా పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర (పాంటోప్రజోల్) వేసుకుంటున్నాను. దీనివల్ల మంచి బాక్టీరియా పోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ప్రభావం ఉంటుంది. నోటి బాక్టీరియా కిందికి దిగకుండా కాపలా కాసేది కడుపులోని ఆమ్లమే. అది తగ్గితే పేగులో బాక్టీరియా కలగాపులగమవుతుంది, పైన చెప్పిన క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ ముప్పూ పెరుగుతుంది. కానీ గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే, అల్సర్ నుంచి రక్తం పోయిన చరిత్ర ఉంటే, సొంతంగా ఆపొద్దు. అలాంటివేవీ లేకపోతే మీ డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోండి. రెండు వారాలు రోజు విడిచి రోజు వేసుకుని, తర్వాత ఆపొచ్చు. ఆపిన మొదటి పది పదిహేను రోజులు మంట మునుపటికన్నా ఎక్కువ అనిపిస్తుంది. అణిగి ఉన్న ఆమ్లం ఒక్కసారిగా ఊరడం వల్ల అలా అవుతుంది. రోగం తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెట్టకుండా, ఆ రోజుల్లో రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించి, మంట వచ్చినప్పుడు మాత్రం యాంటాసిడ్ సిరప్ రెండు టీస్పూన్లు తాగండి.