షాపులో ‘అన్నీ రన్ అవుతాయి’ అన్నారు, ఇంటికొచ్చాక ల్యూమియన్ తెరుచుకోవడం లేదు

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి విజయవాడలో బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతోంది. జూన్‌లో చెన్నై రిచీ స్ట్రీట్‌లో 62,000 రూపాయలకు ల్యాప్‌టాప్ కొన్నాం. 20,000 చేతికిచ్చి మిగతాది ఈఎంఐ పెట్టించాం. భవనాల డిజైన్లు గీసే రెవిట్, వాటిని నిజమైన ఫోటోల్లా చూపించే ల్యూమియన్, ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ వాడాలని షాపు కుర్రాడికి ముందే చెప్పాం. ఇప్పుడు రెవిట్‌లో రెండంతస్తుల ఇల్లు గీస్తేనే హ్యాంగ్ అవుతోంది, ల్యూమియన్ అసలు తెరుచుకోవడమే లేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ‘మెషీన్‌లో ఏ లోపం లేదు’ అని రాసిచ్చారు. షాపు వాళ్లేమో బిల్లు మీదున్న ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముక్క చూపిస్తున్నారు. కేసు వేయాలంటే చెన్నై చుట్టూ తిరగాలా? ఈఎంఐ కట్టడం ఆపేయొచ్చా?
– ఒక తండ్రి, కావలి

సమాధానం: ముందు ఈఎంఐ సంగతి. దయచేసి ఆపకండి. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, సరుకు అమ్మింది షాపు. షాపు మీద కోపంతో కిస్తీ ఎగ్గొడితే పడిపోయేది మీ సిబిల్ స్కోరే. రేపు అమ్మాయికి ఎడ్యుకేషన్ లోన్ కావాల్సి వస్తే బ్యాంకు వాళ్లు అదే చూస్తారు. కట్టిన వడ్డీ రసీదులన్నీ దాచండి, వాటినీ నష్టం కింద అడుగుదాం.

చెన్నై తిరగనక్కర్లేదు. పాత 1986 చట్టంలో అయితే షాపు ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని మార్చింది. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేసుకోవచ్చు. మీది కావలి కాబట్టి నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే చాలు. ఇచ్చిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. బిల్లు మీ పేరున ఉంది, వాడేది అమ్మాయి అని సందేహం వద్దు. కొన్నవారి సమ్మతితో వాడేవారినీ చట్టం వినియోగదారుగానే చూస్తుంది.

ఇక అసలు విషయం. ఇక్కడే చాలామంది చేజేతులా కేసు పాడు చేసుకుంటారు. కోపంలో ‘లోపం ఉన్న ల్యాప్‌టాప్ అంటగట్టారు’ అని ఫిర్యాదు రాస్తారు. షాపు వాళ్లు సర్వీస్ సెంటర్ కాగితం తెచ్చి ‘ఇదిగో, లోపం లేదు’ అంటారు. అక్కడితో కేసు నీరుగారిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో నిజంగానే లోపం లేదు. వర్డ్ ఫైళ్లకి, యూట్యూబ్‌కి, ఆన్‌లైన్ క్లాసులకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ ఫిర్యాదు వేరు: ‘ఏ పనికి కావాలో చెప్పి కొన్నాం, ఆ పనికి పనికొస్తుందని చెప్పి అమ్మారు, అది ఆ పనికి పనికిరాదు.’ చట్టంలో దీన్ని అనుచిత వ్యాపార విధానం అంటారు. సెక్షన్ 2(47) చదివితే, సరుకుకి లేని నాణ్యతని, లేని ఉపయోగాన్ని ఉన్నట్టు చెప్పడం అందులోకే వస్తుంది. ఆ మాట నోటితో చెప్పినా, రాసిచ్చినా, ఫోన్లో మెసేజ్ పెట్టినా ఒకటే.

మీరు పంపిన వాట్సాప్ స్క్రీన్‌షాట్ చూశాక నాకు ధైర్యం వచ్చింది. అమ్మాయి అడిగింది: ‘అన్నా, రెవిట్, ల్యూమియన్ రెండూ రన్ అవ్వాలి. ఈ మోడల్ సరిపోతుందా?’ నాలుగు నిమిషాల తర్వాత జవాబు: ‘అన్నీ సూపర్‌గా రన్ అవుతాయమ్మా, టెన్షన్ వద్దు. ఆర్కిటెక్చర్ పిల్లలంతా ఇదే తీసుకెళ్తారు.’ కింద రెండు బొటనవేలు బొమ్మలు. మీ కేసుకి ఈ మూడు లైన్లే ప్రాణం. ఫోన్ మార్చినా, నంబర్ మార్చినా ఆ చాట్ పోకుండా చూసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ రికార్డులకి సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ (ఆ రికార్డు ఏ ఫోన్‌లోంచి ఎలా తీశామో చెప్పే కాగితం) జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టుబట్టవు గానీ, మనం ముందే పెట్టేస్తే ఎదుటివారికి మాట్లాడే సందు ఉండదు.

షాపు వాళ్లు తప్పకుండా ఇంకో మాట అంటారు: ‘ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ కావాలని వాళ్లే అడిగారు, మేం ఇచ్చాం.’ దీనికి చట్టంలో కొంత ఆధారం ఉంది, అందుకే జాగ్రత్తగా ఉండాలి. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి తెలివిని నమ్ముకుంటే, ఆ సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలి. కానీ సరుకుని దాని బ్రాండు పేరుతో కొంటే ఈ హామీ వర్తించదని అదే సెక్షన్‌లో ఓ మినహాయింపు ఉంది. మన చట్టానికి మాతృక 1893 నాటి ఇంగ్లండ్ చట్టం. అక్కడా ఇదే మినహాయింపు ఉండేది. 1925లో బాల్డ్రీ, మార్షల్ అనేవారి మధ్య కేసు నడిచింది. ఒకాయన షికార్లు తిరగడానికి సుఖంగా ఉండే కారు కావాలంటే, డీలర్ బుగాటి కారు తీసుకోమన్నాడు. తీరా చూస్తే అది షికారుకి పనికొచ్చే కారు కాదు. ‘బుగాటి అని పేరు పెట్టి కొన్నాడు కదా’ అన్నాడు డీలర్. కోర్టు ఒప్పుకోలేదు. పేరు చెప్పినంత మాత్రాన సరిపోదు, అమ్మేవాడి మాటని నమ్మి ఆ పేరు చెప్పాడా, తనంతట తానే ఎంచుకున్నాడా అన్నది చూడాలి అంది. మీ అమ్మాయి ‘ఈ మోడల్ సరిపోతుందా’ అని అడిగాకే కొన్నారు. ఆ ప్రశ్నే మిమ్మల్ని కాపాడుతుంది.

సరిపోదని ఎలా రుజువు చేయాలి? ల్యాబ్ టెస్టు అక్కర్లేదు, రెండు కాగితాలు చాలు. ఒకటి మీ ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాలు: 8 జీబీ ర్యామ్, అదీ బోర్డుకే సోల్డర్ చేసి ఉంది, పెంచే వీలు లేదు, విడి గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే పనికి వేరుగా ఉండే భాగం) లేదు. రెండోది సాఫ్ట్‌వేర్ కంపెనీలే ప్రకటించిన అవసరాలు. రెవిట్ ఇటీవలి వెర్షన్లకి కనీసం 16 జీబీ ర్యామ్ కావాలని దాన్ని తయారుచేసే ఆటోడెస్కే చెబుతోంది. ల్యూమియన్‌కి విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే కుదరదు. ఈ రెండూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, ఒక్క జీపీయూనే (గ్రాఫిక్స్ చిప్) కనిపిస్తున్న, అంటే విడి కార్డు లేదని తెలిసే ఫోటో తీసి జతచేయండి. మూత మీద మెరిసే ‘గ్రాఫిక్స్’ స్టిక్కర్ చూసి మోసపోయేవాళ్లు చాలామంది. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి కూడా అలాంటి స్టిక్కర్ వేస్తారు.

వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో నిజంగానే రాసి ఉన్నాయి కాబట్టి తయారీ కంపెనీని ప్రతివాదిగా చేర్చొద్దని నా అభిప్రాయం. కొందరు లాయర్లు అందరినీ చేరుస్తారు. దానివల్ల నోటీసులు, వాయిదాలు పెరగడమే గానీ మీకు ఒరిగేదేమీ లేదు. అబద్ధం చెప్పింది షాపు.

‘వాపసు తీసుకోబడదు’ అన్న ముద్రకి భయపడకండి. చట్టం ఇచ్చిన హక్కుని బిల్లు మీద రబ్బరు స్టాంపు తీసేయలేదు. అయితే మీరు నాలుగు నెలలు వాడారు కాబట్టి ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అని కమిషన్ అడుగుతుంది. ఫలానా తేదీన షాపుకి ఫోన్ చేశాం, ఫలానా తేదీన సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం అని వరసగా రాసి పెట్టుకోండి. కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉన్నా, ఆలస్యమైన కొద్దీ ల్యాప్‌టాప్ విలువ తగ్గుతుంది, మీ వాదనా తగ్గుతుంది.

ఈ వారంలోనే షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజుల గడువివ్వండి. రెండు దారులు చూపించండి: మొత్తం డబ్బు వాపసు, లేదా ఆ పనికి సరిపోయే మోడల్‌కి మార్పిడి, ధరలో తేడా మీరు కట్టుకునేలా. చాలా షాపులు రెండో దానికి ఒప్పుకుంటాయి. ఈలోగా 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడే తేలిపోతే మంచిదే. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు దాఖలు చేయొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక షాపు జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15. ఆ 45 దాటితే జవాబు తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా, ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి.

అంటే ఈ సెమిస్టర్‌కి తీర్పు అందదు. అమ్మాయి జ్యూరీకి (డిజైన్లు చూసి మార్కులేసే పరీక్షకి) షీట్లు పెట్టుకోవాలి కదా, అందాకా కాలేజీ ల్యాబ్ వాడుకోమనండి. ఆ ల్యాప్‌టాప్‌ని మాత్రం బయట విప్పించొద్దు, అమ్మొద్దు, అదే మీ సాక్ష్యం. మార్పిడికి షాపు ఒప్పుకుంటే 16 జీబీకి తగ్గకుండా, వీలైతే 32 జీబీకి పెంచుకునే వీలున్నది, విడి గ్రాఫిక్స్ కార్డు 6 జీబీ అయినా ఉన్నది అడగండి. మ్యాక్ ఇస్తామంటే వద్దనండి, రెవిట్, ల్యూమియన్ రెండూ విండోస్‌లోనే నడుస్తాయి. బిల్లులో ‘ల్యాప్‌టాప్ – 1’ అని వదిలేయనివ్వకండి. పూర్తి మోడల్ నంబర్, కింద చేత్తోనైనా ‘రెవిట్, ల్యూమియన్ వాడకానికి అమ్మబడినది’ అని రాయించి, షాపు ముద్ర వేయించుకుని అప్పుడు పాతది అప్పగించండి.