పాత ల్యాప్‌టాప్‌కి కొత్త విండోస్ ఎక్కించే ముందు

ప్రశ్న: 2017లో కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ5 ఏడో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే టీ తాగి వచ్చేదాకా తెరుచుకోదు. ద్వారకానగర్‌లో చూపిస్తే షాపు కుర్రాడు ‘లెవెన్ వేసేస్తాను సార్, ఏమీ పోదు’ అన్నాడు. అమ్మాయి పెళ్లి ఫొటోలు, నా రిటైర్మెంట్ కాగితాలు అన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. వేయించుకోవచ్చా?
– గాజువాక పాఠకుడు

జవాబు: కుర్రాడు చెప్పినట్టు ఎక్కడమైతే ఎక్కుతుందండి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది, ఇంటెల్ అయితే 8వ తరం నుంచి. మీది ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. ఆ తనిఖీని తప్పించే దారులున్నాయి, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాం వాటిలో ఒకటి. కాకపోతే అలా దొడ్డిదారిన ఎక్కించిన మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. కొత్త విండోస్‌కి మారేది ముఖ్యంగా అప్‌డేట్ల కోసమే కదా, అవే వస్తాయో రావో తెలియని చోటికి వెళ్లడమెందుకు? నేనైతే వద్దనే అంటాను.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకి ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు. మీది 22హెచ్2 వెర్షన్ అయితే విండోస్ అప్‌డేట్ పేజీలో ‘ఎన్‌రోల్ నౌ’ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్‌కి సరేనంటే పైసా కట్టక్కర్లేదు. ముందు ఆ పని కానివ్వండి.

ఇక డి డ్రైవ్. ‘విండోస్ పోయినా డి డ్రైవ్‌కి ఏమీ కాదు’ అన్న ధీమా మన ఇళ్లలో చాలామందికి ఉంది. సి, డి రెండూ ఒకే హార్డ్ డిస్క్‌లో గీసుకున్న రెండు గదులు. డిస్క్ చెడితే రెండూ పోతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఈ గదుల (పార్టిషన్ల) జాబితాలో పొరపాటున ఇంకో వరుస మీద డిలీట్ నొక్కినా ఫొటోలు గల్లంతే. ఎనిమిదేళ్లు దాటిన తిరిగే డిస్క్‌ని అంతగా నమ్మకూడదు.

మీ అవస్థకి నేను చెప్పే మందు వేరే. చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) ఒకటి కొని, పాత హార్డ్ డిస్క్‌ని ఊడదీయించి పక్కన పెట్టించండి. ఖాళీ ఎస్ఎస్‌డీ మీద అదే విండోస్ 10ని తాజాగా వేయించండి. హోమ్ ఉంటే హోమే, ప్రో ఉంటే ప్రోనే. మీ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటే, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ‘యాక్టివేటర్ కొడతాను’ (అంటే దొంగ లైసెన్స్ పెడతాను) అని ఎవరైనా అంటే ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేయండి. ఇలా చేస్తే పాత డిస్క్ మీద ఎవరి చెయ్యీ పడదు. యూఎస్‌బీ కేస్‌లో పెట్టి ఫొటోలు వెనక్కి కాపీ చేసుకోవచ్చు. కొత్తది మొండికేస్తే పాతది బిగించుకుని యథాప్రకారం వాడుకోవచ్చు. టీ తాగి రావడమనే సమస్య కూడా దాదాపు అక్కడే తీరుతుంది. ఆ నిదానమంతా తిరిగే డిస్క్‌దే.

డిస్క్ తీయించే ముందే ఫొటోలకి బయటి డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉండాలి. కాపీ అయ్యాక నాలుగైదు ఫొటోలు, రెండు పీడీఎఫ్‌లు అక్కడి నుంచే తెరిచి చూడండి. డెస్క్‌టాప్ మీది ఫైళ్లకి చిన్న మబ్బు గుర్తు ఉంటే అవి వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజీలో) ఉన్నాయే తప్ప మీ డిస్క్‌లో లేవని అర్థం.

ప్రశ్న: నాది 8వ తరం ల్యాప్‌టాప్. విండోస్ 11 వేసుకుందామని మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్‌లో చూస్తే, దానికి కావాల్సిన టీపీఎమ్ అనే సెక్యూరిటీ భాగం లేదని వస్తోంది. ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడతాను.
– ఎంవీపీ కాలనీ అకౌంటెంట్

జవాబు: టీపీఎమ్ ఉండే ఉంటుందమ్మా, ఆఫ్ అయి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ‘ఇంటెల్ పీటీటీ’ని ఆన్ చేయండి, ఇంటెల్ వాళ్ల టీపీఎమ్ అదే. అయితే బయోస్ ముట్టుకునే ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే తాళంచెవిని బీరువా లోపల పెట్టి తాళం వేసినట్టే.

ట్యాలీ డేటా ఫోల్డర్‌ని వేరే చోటికి కాపీ చేసుకోండి. టోకెన్ డ్రైవర్‌ని మళ్లీ వేయాల్సి రావచ్చు, ఇన్‌స్టాలర్ దగ్గరుంచుకోండి. జీఎస్టీ రిటర్నుల గడువు ముందు రోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. పాత బ్యాటరీ నిలవదు కాబట్టి చార్జర్‌ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న కబురు వింటే వాయిదా వేయండి, మన వైజాగ్ కరెంటు సంగతి మీకు చెప్పాలా! ఎక్కాక నచ్చకపోతే రికవరీలో ‘గో బ్యాక్’ నొక్కి 10 రోజుల్లోపు పాతదానికి వెళ్లవచ్చు. ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్ జోలికి పోకండి, వెనక్కి వెళ్లడానికి కావాల్సిన పాత ఫైళ్లు చెరిగిపోవచ్చు.

ప్రశ్న: 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టం నప్పుతుందా?
– మద్దిలపాలెం విద్యార్థి

జవాబు: నప్పుతుంది. అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకో. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు. ఆ ‘లైవ్’ దశలోనే వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయా చూసుకో. యూనికోడ్ తెలుగు హాయిగా టైప్ అవుతుంది. ఇంట్లో ఎవరైనా విండోస్‌లో నడిచే అను ఫాంట్లతో డీటీపీ పని చేస్తుంటే మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో విండోస్‌ని ఉంచేయి.