విరాళాల ఆఫీసుకు డైరెక్టరుగా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతికి అత్త ఆశీస్సులు.

ఆ ఉద్యోగం తీసుకో. ఫోన్లో నువ్వు ఆ ఒక్క మాటే తిప్పి తిప్పి అడిగావు కాబట్టి ముందు అది చెప్పేస్తున్నాను. ఇన్నేళ్లూ బెంగళూరులో కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) విభాగంలో డబ్బు ఇచ్చే వైపు కూర్చున్నావు. ఇప్పుడు తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయం తరఫున అడిగే వైపు కూర్చోబోతున్నావు. రెండు వైపులా తెలిసినవాళ్లు ఈ రంగంలో చాలా తక్కువ. అయితే అపాయింట్‌మెంట్ ఆర్డర్ మీద సంతకం పెట్టేలోపే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. చేరిపోయాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

నువ్వు ఎవరికి రిపోర్ట్ చేయాలో అడుగు. రిజిస్ట్రార్ ఆఫీసు కింద ఇంకో సెక్షన్‌లాగా పెడతామంటే ఒప్పుకోకు. నేరుగా వైస్ ఛాన్సలర్‌కే ఉండాలి. పెద్ద మొత్తం ఇవ్వాలనుకున్న మనిషి చివరికి మాట్లాడాలనుకునేది వీసీతోనే. ఆ అపాయింట్‌మెంట్ ఇప్పించడానికి నీకే మూడు వారాలు పడితే ఆయన ఇంకో సంస్థ చూసుకుంటాడు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ పని చూసే అధికారికి వైస్ ప్రెసిడెంట్ హోదా ఉంటుంది, అధ్యక్షుడి పక్క కుర్చీ ఆయనదే. మన ఐఐటీల్లో ఒక ప్రొఫెసర్ డీన్‌గా ఉంటే, కింద ఈ పనే వృత్తిగా చేసేవాళ్ల ఆఫీసు ఉంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఇది ఎవరో ఒక ప్రొఫెసర్‌కి ఇచ్చే అదనపు బాధ్యత. పాఠాలు, పరిశోధక విద్యార్థులు, పరీక్షల పనులు అయ్యాక ఓపిక మిగిలితే చేసే పని. నువ్వు ప్రొఫెసర్‌వి కాదు కాబట్టి కొన్ని కమిటీల్లో నీకు కుర్చీ వేయరు. అకడమిక్ కౌన్సిల్‌లో కూర్చోబెట్టకపోయినా ఫర్వాలేదు. ఫైనాన్స్ కమిటీలో విరాళాల అంశం వచ్చినప్పుడు మాత్రం నిన్ను పిలవాలని ముందే రాతపూర్వకంగా తీసుకో.

పదవీకాలం ఐదేళ్లకు తగ్గకుండా చూసుకో. మన రాష్ట్రంలో వీసీల పదవీకాలం మూడేళ్లు. కొత్త వీసీ వచ్చిన ప్రతిసారీ ప్రాధాన్యాలు మారతాయి, పాతాయన దాతకు ఇచ్చిన మాట కొత్తాయనకు తెలియదు. ఆ మాట గుర్తుంచుకుని, కాగితం చూపించి, 'సార్, ఇది మనం ఒప్పుకున్నాం' అని చెప్పాల్సింది నువ్వు. ఈ ఉద్యోగంలో నాయకత్వం అని నేను దేన్నంటానో అడిగితే ముందు దీన్నే అంటాను.

జీతం సంగతి ఒక్క ముక్కలో: వసూలైన దాంట్లో శాతం ఇస్తామంటే వద్దను. అమెరికాలో అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ నియమావళి కూడా కమీషన్ పద్ధతిని ఒప్పుకోదు. కమీషన్ తీసుకునే మనిషి తన దగ్గర కూర్చుని 'తొందరేం లేదు, ఆలోచించుకోండి' అంటే ఏ దాత అయినా నమ్ముతాడా?

ఇక అసలు పనికి వద్దాం. కాస్త పాతబడిన విశ్వవిద్యాలయాల్లో ఎండోమెంట్ రిజిస్టర్, అంటే దాతల శాశ్వత నిధుల చిట్టా, ఒకటి ఉంటుంది. చేరిన వారంలోనే ఫైనాన్స్ సెక్షన్ నుంచి అది తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదువు. ముప్ఫై నలభై ఏళ్ల కిందట ఎవరో తండ్రి పేరునో, చిన్న వయసులో పోయిన కూతురి పేరునో పదివేలు డిపాజిట్ చేసి, ఫలానా సబ్జెక్టులో ఫస్టు వచ్చినవాళ్లకు బంగారు పతకం ఇమ్మని రాసిచ్చి ఉంటారు. పదివేల మీద ఏడు శాతం వడ్డీ అంటే ఏడాదికి ఏడు వందలు. ఈ రోజుల్లో ఏడు వందలకు బంగారం ఎక్కడిది? అందుకని కొన్నిచోట్ల బంగారు పూత పూసిన పతకం ఇస్తున్నారు, కొన్నిచోట్ల ఉత్త సర్టిఫికెట్ ఇచ్చి సరిపెడుతున్నారు, కొన్నిచోట్ల అదీ లేదు. దాత కుటుంబానికి ఒక ఉత్తరం ముక్క రాసినవాళ్లు మాత్రం లేరు. నాకు తెలిసిన ఒకావిడ, వాళ్ల నాన్నగారి పేరున ఉన్న పతకం ఎవరికి వచ్చిందో చూద్దామని స్నాతకోత్సవం మర్నాడు పేపర్లన్నీ కొనుక్కునేది. ఆ విశ్వవిద్యాలయం నుంచి ఆవిడకు ఏ కబురూ అందలేదు. ఆవిడ పిల్లలు ఇద్దరూ బాగా స్థిరపడ్డారు. ఆ విశ్వవిద్యాలయానికి రూపాయి ఇవ్వాలన్న ఆలోచన వాళ్లకు ఎలా వస్తుంది?

అందుకే మొదటి ఆరు నెలలు ఎవర్నీ డబ్బు అడగొద్దు. లక్ష్యం ఎంత అని వీసీ గారు అడిగినా మెల్లగా చెప్పు. ఆ ఆరు నెలలూ రిజిస్టర్‌లో ఉన్న ప్రతి దాత కుటుంబాన్నీ వెతికి పట్టుకో. 'మీ తాతగారు ఇచ్చిన మొత్తం ఇంత, ఇప్పటికి వడ్డీతో కలిపి ఇంత ఉంది, దీంతో పతకం చేయించడం కుదరడం లేదు, ఒక విద్యార్థి పరీక్ష ఫీజుకు మార్చమంటారా, ఇంకేమైనా ఆలోచన ఉందా' అని ఉన్నది ఉన్నట్టు రాయి. అలాంటి ఉత్తరాలకు జవాబులు వస్తాయమ్మా. కొందరు అసలుకు ఎన్నో రెట్లు కలిపి పంపడం నేను చూశాను. వాళ్లను అడిగింది ఎవరూ లేరు, లెక్క చెప్పారు, అంతే.

స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లల చేత దాతకు ఏటా ఉత్తరం రాయించు. తెలుగులోనే రాయించు. ఇంగ్లీషులో రాయమంటే ఎక్కడిదో నమూనా దించేస్తారు. ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, డబ్బు మెస్ బిల్లుకు పోయిందా, ఊరికి బస్సు చార్జీలకు పోయిందా, పాత ల్యాప్‌టాప్ కొన్నారా, ఇవన్నీ రాయమను. తప్పులుంటే దిద్దకు. దాత ఆ కాగితాన్ని బీరువాలో దాచుకుంటాడు.

తిరుపతిలో నీకు రెండు ప్రత్యేకమైన చిక్కులు వస్తాయి, వేరే ఊళ్లో వీటి గురించి ఎవరూ చెప్పరు. మొదటిది, 'స్వామి ఉన్నాడు కదా, మేమెందుకు ఇవ్వాలి' అనే మాట. 1954లో ఎస్వీ విశ్వవిద్యాలయం మొదలైనప్పటి నుంచీ ఇక్కడి చదువుల వెనుక దేవస్థానం అండ ఉందని అందరికీ తెలుసు కాబట్టి, డబ్బుకు లోటు ఉండదనుకుంటారు. వాదించకు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులో ఎక్కువ భాగం జీతాలకూ పింఛన్లకూ పోతుందని బడ్జెట్ కాగితం పెట్టి చూపించు. ఇంకో సంగతి, శాశ్వత నిధి అంటే ఏమిటో ఈ ఊళ్లో వివరించాల్సిన పని లేదు. అన్నప్రసాదం ట్రస్టుకు ఇచ్చిన విరాళం డిపాజిట్‌లో ఉంటుందని, దాని మీద వచ్చే వడ్డీతో అన్నదానం నడుస్తుందని చాలా ఇళ్లలో తెలుసు. అలాంటిదే ఇది అని చెబితే చాలు. ఐదు లక్షలు ఇస్తే ఏడు శాతానికి ముప్ఫై ఐదు వేలు వస్తుంది, మొత్తం ఖర్చు పెట్టం, ఇరవై వేలు స్కాలర్‌షిప్‌కి ఇచ్చి పదిహేను వేలు అసలులో కలుపుతాం, లేకపోతే పతకాలకు పట్టిన గతే పడుతుంది అని అర్థమయ్యేలా చెప్పు. అమెరికా విశ్వవిద్యాలయాలు కూడా శాశ్వత నిధుల నుంచి ఏటా సుమారు నాలుగైదు శాతమే వాడుకుంటాయి.

రెండో చిక్కు దర్శనం. ప్రపంచంలో ఎక్కడ స్థిరపడ్డా పూర్వ విద్యార్థి ఏదో ఒక ఏడాది కుటుంబంతో కొండకు వస్తాడు. ఇంతటి సదుపాయం వేరే ఏ ఊరి విశ్వవిద్యాలయానికీ లేదు, దాన్ని బాగా వాడుకో. శనివారం, సెలవుల్లో కూడా నీ ఆఫీసులో ఒకరు ఉండి, పిల్లలకు నాన్న చదివిన క్లాసురూము, అమ్మ ఉన్న హాస్టల్ గది తలుపు చూపించే ఏర్పాటు చెయ్యి. అయితే నీ పేరు నలుగురికీ తెలిసిన నాటి నుంచి బ్రేక్ దర్శనం లెటర్ ఇప్పించమని ఫోన్లు మొదలవుతాయి. కొందరు విరాళం మాట, దర్శనం మాట ఒకే వాక్యంలో కలిపి అడుగుతారు. మొదటి ఫోన్‌కే వద్దని చెప్పెయ్. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో వస్తాయి, ఎప్పుడు వస్తాయో చూసి బుక్ చేసుకోమని మర్యాదగా చెప్పు. ఒకరికి ఇప్పించావంటే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో గంటలో తెలుస్తుంది. ఆ తర్వాత నీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది విశ్వవిద్యాలయం కోసం రారు.

పూర్వ విద్యార్థుల జాబితా గురించి ఎవరు ఎంత సాఫ్ట్‌వేర్ చూపించినా ముందు పరీక్షల విభాగం, హాస్టల్ రిజిస్టర్లు తిరగెయ్. ఆడపిల్లలు అక్కడ తండ్రి ఇంటిపేరుతో, ఇనీషియల్‌తో ఉంటారు. పెళ్లయి ఇంటిపేరు మారాక వాళ్లను ఎవరూ వెతకరు, ఆహ్వానాలు వెళ్లవు, సగం బ్యాచ్ అలా చేజారిపోతుంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టిన 1983 నాటి విద్యార్థినులు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు. వాళ్లలో బ్యాంకు మేనేజర్లుగా, ప్రిన్సిపాళ్లుగా రిటైరైనవాళ్లు ఉంటారు, తమ డబ్బు గురించి తామే నిర్ణయం తీసుకోగలవాళ్లు. హాస్టల్ గది స్నేహితుల ద్వారానే వాళ్లు దొరుకుతారు. పదిమంది దగ్గర నంబర్లు తీసుకున్నాక ఎవరెవరి సమ్మతి ఉందో రాసిపెట్టుకో, 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉంది.

సంస్థ వయసును బట్టి పని మారుతుందని కూడా నీ వీసీకి చెప్పాలి. తిరుపతి ఐఐటీ 2015లో మొదలైంది. దాని మొదటి బ్యాచ్‌లకు ఇంకా ఇల్లు కొనుక్కునే వయసు. వాళ్ల దగ్గర చిన్న మొత్తాలు, జూనియర్లకు సమయం, ఉద్యోగాల సమాచారం అడగాలి. బాపట్లలో పుట్టిన కృష్ణ చివుకుల గారు మద్రాసు ఐఐటీ నుంచి 1970లో ఎంటెక్ పూర్తి చేసి, 2024లో ఆ సంస్థకు 228 కోట్లు ఇచ్చారు. మధ్యలో యాభై ఏళ్లకు పైగా గడిచాయి. నందన్ నీలేకని బొంబాయి ఐఐటీకి 2023లో 315 కోట్లు ప్రకటించారు, అంతకుముందే 85 కోట్లు ఇచ్చి ఉన్నారు. పేపర్లో పెద్ద అంకె చూసి 'మనకూ అలాంటి ఒకరు కావాలి' అనే రిజిస్ట్రార్లు ఉంటారు. పెద్ద మొత్తానికి ముందు చిన్న మొత్తం వచ్చిందని, నువ్వు ఈ 85 కోట్ల సంగతి వాళ్లకు చెప్పు.

మన చిత్తూరు పక్క కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారి గురించి చిన్నప్పుడు విన్నావు కదా. 1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. ఆ విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు, సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఏటా వచ్చే డబ్బు కాబట్టి దాన్ని నమ్ముకుని ప్రయోగశాలల గురించి ఆలోచించగలరు. నీ దగ్గరికి ఒక్కసారి పది లక్షలు ఇస్తాననే మనిషీ, పదేళ్లు ఏటా లక్ష ఇస్తాననే మనిషీ వస్తే రెండో ఆయన కోసం ఎక్కువ సమయం పెట్టు. పేరు పెట్టే విషయంలో మాత్రం గట్టిగా ఉండు. ఎంత ఇస్తే గదికి, ఎంత ఇస్తే భవనానికి, ఎన్నేళ్లకు అనే పట్టిక పాలకమండలి చేత ఆమోదింపజేసుకున్నాకే ఎవరితోనైనా మాట్లాడు.

ప్రతి విరాళానికీ ఒప్పంద పత్రం ఉండాలి. రెండు పేజీలు చాలు. ఆ కోర్సు మూతపడితే డబ్బు దేనికి వాడాలి, విద్యార్థిని ఎవరు ఎంపిక చేస్తారు, దాతకు నివేదిక ఏ నెలలో వెళ్తుంది, ఈ మూడూ తప్పకుండా రాయించు. 'మా కులం పిల్లలకే ఇవ్వాలి' అనేవాళ్లు వస్తారు, 'మా అన్న కొడుక్కి సీటు చూడండి' అనేవాళ్లూ వస్తారు. సీటు మాట ఎత్తిన డబ్బు ఎంతైనా వద్దు, ఆ రోజే వీసీకి చెప్పి ఫైల్లో రాసి మూసెయ్. కులం విషయంలో కాస్త ఓపిక పట్టు. ఊరి పేరో, మండలం పేరో, మొదటి తరం చదువరి అనో మార్చమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

చట్టాలు నీకు కొంత తెలుసు, అయినా ఇటు వైపు నుంచి వేరుగా కనిపిస్తాయి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) మీద ఉంటే అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. సీఏజీ (కాగ్) ఆడిట్ తప్పనిసరైన ప్రభుత్వ చట్టబద్ధ సంస్థలకు మినహాయింపు ఇచ్చిన ఉత్తర్వులున్నాయి. మీది ఆ కోవలోకి వస్తుందో లేదో ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర కాగితం చూసేదాకా ఏ ఓసీఐ దాత చెక్కూ ముట్టుకోకు. రెండు వేలు దాటిన నగదుకు, 80జి అని పిలిచే ఆదాయపు పన్ను రాయితీ రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఆ రాయితీయే లేదు. దాతకు ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత ఆడిటర్ చెబితే నిన్ను అనుమానిస్తాడు. కంపెనీలు సీఎస్‌ఆర్ కింద ఖర్చు పెట్టాల్సిన రెండు శాతం సొమ్ము గురించి నీకు నేను చెప్పేదేముంది, ఆ సొమ్ము తీసుకోవడానికి కావాల్సిన సీఎస్‌ఆర్-1 నమోదు మీకు అయిందో లేదో మాత్రం చూసుకో.

మనుషుల్ని తీసుకునేటప్పుడు బాగా మాట్లాడేవాళ్లకంటే బాగా వినేవాళ్లను తీసుకో. నలుగురితో మొదలుపెట్టినా అందులో ఒకరు కేవలం రసీదులు, ఉత్తరాలు, నివేదికలు చూసుకోవాలి. ఆ మనిషిని ఈవెంట్ల పనికి లాగొద్దు. రీయూనియన్ ఎంత బాగా జరిగినా నెల తిరిగేసరికి మర్చిపోతారు. రసీదు రెండు నెలలు ఆలస్యమైతే మాత్రం పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. రిటైరైన లెక్చరర్లు, హాస్టల్ మెస్‌లో పనిచేసినవాళ్లు ఈ ఊళ్లోనే ఉంటారు. వాళ్లను నెలకోసారి ఆఫీసుకు పిలిచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టు. ఏ బ్యాచ్‌లో ఎవరు ఎవరికి స్నేహితులో, ఎవరి చదువుకు ఎవరు ఫీజు కట్టారో వాళ్లకు తెలిసినంత ఏ కంప్యూటర్‌లోనూ ఉండదు.

నీ పైమెట్టు గురించి ఇప్పుడే టెన్షన్ పడకు. ఐదేళ్లు ఒక్కచోట నిలబడి, దాతలు మళ్లీ మళ్లీ ఇచ్చిన లెక్క చూపించగలిగితే పెద్ద సంస్థలు వాటంతట అవే పిలుస్తాయి. ఏడాదికో చోటికి మారినవాళ్లను ఈ రంగంలో పైకి తీసుకోరు, ఎందుకంటే వాళ్లు ఏ దాతకూ తెలియదు.

ఆర్డర్ కాపీ రాగానే వాట్సాప్‌లో పంపు. రిపోర్టింగ్, పదవీకాలం, విరాళాల బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిదన్నది, ఈ మూడు వాక్యాలు నేను చదివాకే సరే అని జవాబు రాయి.

ఆశీస్సులతో,
మీ అత్త
తిరుపతి