నాలుగు సీట్ల విమానంలో అయిదుగురం ఎక్కొచ్చా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటామండీ. మా ఆయన ఫ్రెండ్ ఈ మధ్యే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నారు, సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకి తీసుకుని మమ్మల్ని తిప్పుతానంటున్నారు. ఆయనా, మా ఇద్దరం, నాలుగేళ్ల బాబు, ఏడాదిన్నర పాప. సీట్లేమో నాలుగే, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకోండి ఏం పర్లేదు అన్నారు. నిజమేనా? బాబుకి కార్లో ఎత్తు కోసం వేసే బూస్టర్ సీటు సరిపోతుందా? పైకెళ్లాక బెల్టు తీసేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: రూల్ ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదమ్మా. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 91.107 రూల్‌లో రెండేళ్లు నిండని పిల్లల్ని సీట్లో కూర్చున్న పెద్దవాళ్లు ఎత్తుకోవచ్చనే ఉంది. మిగతా అందరికీ మాత్రం విమానం నేల మీద కదిలేటప్పుడు, లేచేటప్పుడు, దిగేటప్పుడు సీటూ బెల్టూ ఉండాల్సిందే, భుజం బెల్టు ఉంటే అదీ పెట్టుకోవాలి.

కానీ నేనైతే పాపని ఒళ్లో పెట్టుకోమని చెప్పను. పదికేజీల పిల్ల 9 జీ కుదుపులో, అంటే మామూలు బరువుకి తొమ్మిది రెట్లు పడే కుదుపులో, 90 కేజీల బరువైపోతుంది, ఎంత తల్లి చేతులైనా ఆపలేవు, అలాగని మీ బెల్టులోనే పాపని కూడా కలిపి బిగించారంటే ఇంకా ప్రమాదం, మీ బరువంతా పాప మీదే పడుతుంది. 2009లో మోంటానాలోని బ్యూట్ దగ్గర పిలాటస్ పీసీ-12 అనే చిన్న విమానం కూలి 14 మంది పోయారు, అందులో ఏడుగురు పిల్లలే, సీట్లు చూస్తే పదే. కూలడానికి కారణం ఇంధనంలో మంచు కట్టడమే అయినా, ఆ తర్వాత ప్రమాదాల మీద విచారణ చేసే ఎన్‌టీఎస్‌బీ వాళ్లు ప్రతి మనిషికీ, చంటిపిల్లలకి కూడా విడిగా సీటూ బెల్టూ ఉండాలని ఎఫ్‌ఏఏని అడిగారు.

అందుకే రెండు ట్రిప్పులు వేయించండి. ఒకసారి మీరూ బాబూ, ఇంకోసారి మీరూ పాపా, కింద ఉన్న పిల్లని మీ ఆయన చూసుకుంటారు. బరువు కూడా కలిసొస్తుంది, 172లో ఎస్ మోడల్ తీసుకుంటే, ట్యాంకులు నింపాక మనుషులకీ సామానుకీ మిగిలేది సుమారు 250 కేజీలే. పైలట్ అడిగితే మొహమాటపడి తక్కువ చెప్పకండి, ఉన్న బరువు ఉన్నట్టు చెప్పండి.

బూస్టర్ వద్దు, లేచేటప్పుడు దిగేటప్పుడు దాన్ని వాడనివ్వరు. సొంత బెల్టులున్న కార్ సీటు కావాలి, దాని మీద విమానంలో వాడొచ్చని ఎర్ర అక్షరాల్లో రాసి ఉందో లేదో చూడండి, ఉంటే వెనక సీట్లోనే బిగించండి, ముందు పెడితే పిల్లల కాళ్లు పైలట్ కంట్రోల్స్‌కి తగులుతాయి.

ఇంకో మాట, ఆ విమానం ఏ సంవత్సరానిదో అడగండి. 1986 డిసెంబర్ 12 తర్వాత తయారైన చిన్న విమానాల్లోనే అన్ని సీట్లకీ భుజం బెల్టు తప్పనిసరి, సెస్నా వాళ్లు 172 తయారీ 1986లో ఆపేసి మళ్లీ పదేళ్లకి గానీ మొదలుపెట్టలేదు, కాబట్టి అద్దెకిచ్చేది పాతదైతే వెనక సీట్లకి నడుం బెల్టు ఒక్కటే ఉండొచ్చు. అలా ఉంటే నేనైతే వేరే విమానం అడుగుతాను.

ముందు సీట్లో కూర్చునేవాళ్లు సీటు పట్టాల మీద గట్టిగా లాక్ అయిందో లేదో ముందుకీ వెనక్కీ ఊపి చూసుకోవాలి. పాత సెస్నాల్లో పట్టాలు అరిగిపోయి సరిగ్గా టేకాఫ్‌లో సీటు వెనక్కి జారిపోవడం, ఆ కంగారులో చేతిలో ఉన్న కంట్రోల్ పట్టుకుని లాగేయడం జరిగాయి, దీని మీద ఎఫ్‌ఏఏ తనిఖీలు కూడా పెట్టింది. ఇది పైలట్‌కీ గుర్తుచేయండి, కొత్త లైసెన్స్ కదా, ఏమీ అనుకోరు.

పైకెళ్లాక బెల్టు తీయొచ్చనే ఉంది రూల్, మీరు మాత్రం తీయకండి. టెక్సాస్ ఎండకి మధ్యాహ్నం చిన్న విమానం బాగా ఎగిరెగిరి పడుతుంది, పొద్దున్నే వెళ్లడం మేలు. బెల్టు పెట్టడం తీయడం పైలట్ చెప్పి తీరాలి, అదీ రూలే, చూపించాక ఊరుకోకుండా కళ్లు మూసుకుని మీరే రెండుసార్లు తీసి చూడండి. తలుపు వేసేటప్పుడు బెల్టు కొస బయట ఉండిపోకుండా చూసుకోండి, ఉండిపోతే గాలికి దబదబా కొట్టుకుంటుంది, ఏదో ఊడిపోతోందని పిల్లలు హడలిపోతారు.