ఆ పేజీలు తిప్పేయకు

బిడ్డా సౌమ్యా,

పదో తరగతి పిల్లలతోని ఫోన్ల చూసే 'ఆ' బూతు వీడియోల సంగతులు మాట్లాడుతనన్నవట, మీ అమ్మ చెప్పింది. ఊరోళ్లు ఏమంటరోనని ఆమె భయం. నాకూ భయమే గానీ, రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్న.

హెచ్‌ఎంకు ముందే చెప్పు. తల్లిదండ్రులను పిలువు. మొదటి రోజు ఆడపిల్లలను, మగపిల్లలను వేరువేరుగా కూసోవెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెల్వనిదొకటి చెప్త. 1998ల పరకాల దిక్కు ఒక బడిల బయాలజీ చెప్పేదాన్ని. ప్రత్యుత్పత్తి పాఠం రాంగనే "ఇంటికాడ చదువుకోండి" అని పేజీలు తిప్పేసిన. ఆ నెలల్నే ఒక పిల్లగాని నోట్‌బుక్కుల బూతు పుస్తకం కాయితం దొరికింది. ప్రేయర్ల అందరి ముందట నిలబెట్టిన. తండ్రిని పిలిపిస్తే ఆయన చెప్పు తీసిండు. పిల్లగాడు ఏడ్వలే. బొటనవేలుతోని మట్టి గీస్కుంట నిలబడ్డడు. తెల్లారి నుంచి బడికి రాలే.

నోట్‌బుక్ నా టేబుల్ మీదనే ఉండిపోయింది. చివరి పేజీల పెన్సిల్‌తోని రాసుకున్నడు: "నాకొక్కనికే గిట్లయితున్నదా?" అది నన్ను అడగాల్సిన ముచ్చట బిడ్డా. నేను పేజీ తిప్పితే వాడు ఆ కాయితాన్ని అడిగిండు. కొన్నేండ్లకు ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా మోసుకుంట కనవడ్డడు. "నమస్తే టీచర్" అని పక్కకు జరిగి నాకు తొవ్వ ఇచ్చిండు.

అప్పుడొక్క కాయితం. ఇప్పుడు 2020ల కరోనా క్లాసులకని కొన్న ఫోన్లు ఇంటింట ఉన్నయి. ఒక రీల్ కాడ వేలు ఆగితే అసొంటివే పది తెచ్చి పెడ్తది. నటించింది నిజమనుకొని పిల్లలు తమ ఒళ్లును చూసి సిగ్గువడ్తరు. నాకైతే బూతు కంటే మన సినిమాల మీదనే ఎక్కువ కోపం. వద్దన్న పిల్ల ఎంట రెండు గంటలు వడితే చివరికి ఒప్పుకుంటదట! హన్మకొండ బస్టాండ్ల పోరగాళ్లు చేసేదదే. మగపిల్లలకు ముందుగాల ఇది చెప్పు.

నన్ను నిద్రపోనియ్యనిది ఆడపిల్లల బట్టల్లేని ఫొటో. నమ్మి ఒక్కనికి పంపుతది, గ్రూపులన్నీ తిరుగుతది. పద్దెనిమిది నిండనోళ్ల అసొంటి ఫొటో సరదాకని ఫార్వర్డ్ చేసినా, ఐటీ చట్టం 67బీ కింద మొదటిసారికే ఐదేండ్ల దాక జైలు. చేసినోడు పిల్లగాడైతే జువైనల్ బోర్డు మెట్లెక్కాలె. ఏడ్చుకుంట వచ్చిన పిల్లను "ఎందుకు పంపినవ్" అని అడిగినవంటే నా మొకం చూడకు. పిల్లల సాయం నంబర్ 1098కు ఫోన్ చెయ్యి, పక్కన కూసో.

పేరు రాయకుంట చీటీలు ఏసెతందుకు పాత స్వీట్ డబ్బా ఒకటి తమ్మునితోని పంపుతున్న. మూతకు నేనే కత్తెరతోని సందు కోసిన. అంచు వాడిగున్నది, పిల్లల వేళ్లు తెగుతయి. ముందు గుడ్డ అంటించు.

మీ పెద్దమ్మ